బొట్టుబిళ్ల కింద లైటు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు వెళ్లాలనుకునేవాళ్లకు నేనిచ్చే సలహా ఒక్కటే. ఎండ చూసుకోనక్కర్లేదు, వాన చూసుకోనక్కర్లేదు. బావగారి కారులో మాత్రం వెళ్లకండి.

నాకు ఏలూరులో బడిపిల్లల యూనిఫారాలు కుట్టే షాపు ఉంది. గుడ్డ సిరిసిల్ల నుంచి తెప్పిస్తాను. ఆ యేడు తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీదుంది. అక్కడ బస్సులు డిపోలు దాటడం లేదు, లారీలవాళ్లు ఫోన్లు ఎత్తడం లేదు, నా గుడ్డేమో సిరిసిల్లలో తానులకు తానులు మడతపెట్టుకుని కూర్చుంది. దసరా సెలవులయ్యేసరికి రెండు బళ్లకు నిక్కర్లు ఇవ్వాలి. అంటే వెళ్లి తెచ్చుకోవాలి. వెళ్లడానికి కారు కావాలి. కారు మా బావకుంది.

మా బావ ఆ కారును నడిపిన రోజులకంటే తుడిచిన రోజులే ఎక్కువ. పెళ్లయిన ఇరవై ఏళ్లలో ఆయన నాకు గొడుగు కూడా ఇచ్చి ఎరగడు. మా అక్క రెండు రోజులు అన్నం ముందు కూర్చుని అన్నం తినకుండా ఒప్పించింది.

## ఏలూరు, గేటు దగ్గర

బయలుదేరే పొద్దున అక్క గేటు పట్టుకుని బావతో అంది: "నా తమ్ముడు ఎలా తీసుకెళ్తాడో అలాగే తెస్తాడు. ఏమైనా అయితే నన్నడగండి."

"అడుగుతాను," అన్నాడు బావ.

ఆ ఒక్క మాటలో రాబోయే ఇరవై ఏళ్లు నాకు వినిపించాయి. తన పెళ్లిలో మావాళ్లు వడ్డించిన గారెల్లో ఉప్పు తక్కువైందని బావ ఇప్పటికీ ప్రతి పండక్కీ గుర్తుచేస్తాడు. అక్క ప్రతి పండక్కీ తలొంచుకుని వింటుంది. ఇక కారుకేమైనా అయితే ఆవిడ ఏ పండగా చేసుకోనక్కర్లేదు. నిక్కర్లు ఆలస్యమైతే హెడ్మాస్టర్లు తిడతారు, అది నేను పడగలను. అక్క మాట పోతే మాత్రం నేను తట్టుకోలేను.

చివరికి బావ కిటికీలోంచి చెయ్యి పెట్టి, కిలోమీటర్ల అంకెల పక్కనున్న చిన్న బొడిపెను తనే నొక్కాడు. అంకె సున్నా అయింది. "ఎంత తిరిగావో నాకు తెలియాలిగా," అన్నాడు. నేను వినయంగా తలూపాను.

## జగిత్యాల

వరంగల్లో భోజనానికి ఆగి, కరీంనగర్ దాటి, జగిత్యాల ఇంకో పది కిలోమీటర్లుందనగా నా కళ్లెదుట పసుపుపచ్చ లైటొకటి వెలిగింది. అది ఇంజిన్ బొమ్మట. నాకు మాత్రం కుళాయిలా కనిపించింది. నీళ్లయిపోయాయనుకుని కారాపి, తాగడానికి తెచ్చుకున్న రెండు సీసాల నీళ్లూ అద్దం తుడిచే నీళ్ల డబ్బాలో పోశాను. లైటు పోలేదు. నాకు దాహం మాత్రం వేసింది.

సిరిసిల్లకు సూటి దారి వదిలి ఇటు వచ్చింది, రాత్రికి జగిత్యాలలో రాజేశం ఇంట్లో ఉందామని. ఎనిమిదేళ్లు నా షాపులో కటింగ్ మాస్టరుగా చేసి, సొంతూళ్లో షాపు పెట్టుకున్నాడు. నన్ను ఇప్పటికీ సేటూ అనే పిలుస్తాడు. కారు చూడగానే గుర్తుపట్టాడు.

"గీ కారు మీ బావది గదా. గాయన ఇచ్చిండా?"

"ఇచ్చాడు. దారిలో లైటు వెలిగింది."

రాజేశం నా మొహం చూసి, లైటు చూసి, మెల్లగా అన్నాడు. "ఇగ అయిపోయినవ్ సేటు."

అతని భార్య పద్మ ముందు కాళ్లు కడుక్కోమని చెంబిచ్చింది. ఆ తర్వాత మక్కగారెలు పెట్టింది. మా వైపు మొక్కజొన్న అంటే నిప్పుల మీద కాల్చుకుని తినేదే. ఇక్కడ లేత గింజలు రుబ్బి, పచ్చిమిర్చీ జీలకర్రా వేసి గారెలు వేస్తారు. ఉప్పు సరిగ్గా సరిపోయింది. ఈ విషయంలో మా కుటుంబం ప్రత్యేకంగా గమనిస్తుంది. అన్నంలోకి పచ్చిపులుసు పోసింది. మనం చారు తెర్లేదాకా కాస్తాం. ఇది అసలు పొయ్యే ఎక్కదు. చింతపండు పిసికి, ఉల్లిపాయలు నలిపి, నీళ్లు పోసి వడ్డించేస్తారు. మొదటి ముద్దకి ఇదేం చారు అనుకున్నాను, మూడో ముద్దకి గిన్నె నా పక్కకు జరుపుకున్నాను.

నేను తింటున్నంతసేపూ వాడకట్టంతా కారు చుట్టూ చేరింది. ఒకాయన డీజిల్లో కల్తీ అన్నాడు. అది పెట్రోలు కారండీ అన్నాను. అయితే పెట్రోలులో కల్తీ అన్నాడు. ఇంకొకాయన దిష్టి అన్నాడు. ఆఖరికి రాజేశం సందు చివరి మెకానిక్ సత్తయ్యను తీసుకొచ్చాడు. సత్తయ్య వంగి లైటును చాలాసేపు చూశాడు.

"బండి నడుస్తున్నదా?"

"నడుస్తోంది."

"బిరికి పడుతున్నదా?"

"పడుతోంది."

"మరి లైటుదిక్కు ఎందుకు సూస్తున్నవ్? రోడ్డుదిక్కు సూడు."

ఇంత తెలివైన మాట ఆ వారంలో ఇంకెవరూ అనలేదని ఒప్పుకోవాలి. కానీ సత్తయ్య బావకు బావమరిది కాడు. ఇంజిన్ దగ్గర చెవి పెట్టి విందామన్నా, వీధిలో డప్పులతో ఊరేగింపు పోతోంది. జై తెలంగాణ నినాదాల్లో ఇంజిన్ ఉందో లేదో కూడా తెలియలేదు. కోరుట్లలో సలీం భాయ్ దగ్గర లైటు ఎందుకు వెలిగిందో చదివే పెట్టె ఉందనీ, పొద్దున్నే అక్కడికి వెళ్లమనీ చెప్పి, చాయ్ తాగి వెళ్లిపోయాడు సత్తయ్య.

మర్నాడు బయలుదేరుతుంటే నేను మళ్లీ ఆ లైటునే చూస్తూ కూర్చున్నాను. పద్మకు విసుగొచ్చింది. లోపలికి వెళ్లి తన అద్దానికి అంటించి ఉన్న మెరూన్ రంగు బొట్టుబిళ్ల తెచ్చి, లైటు మీద సరిగ్గా అంటించింది.

"గిప్పుడు కనవడ్తున్నదా అన్నా?"

"లేదు."

"ఇగ పోయిరా."

## కోరుట్ల

రాజేశం కోరుట్ల దాకా నాతో వచ్చాడు. ఆ ఊళ్లో నేను మొదట చూసింది ఆడవాళ్ల చేతుల్ని. ప్రతి అరుగు మీదా చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. మాట్లాడుతున్నారు, తగువులాడుతున్నారు, చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి. కాజాలు కుట్టేవాళ్లలో కూడా అంత వేగం నేను చూడలేదు. చాయ్ ఐదు రూపాయలు. అందులో బిస్కెట్ ముంచుకోకపోతే ఒంట్లో బాగాలేదా అని అడుగుతారు.

సలీం భాయ్ పన్నెండేళ్లు దుబాయి గ్యారేజీలో పనిచేసి వచ్చినవాడు. తెల్ల గడ్డం, నల్ల చేతులు. స్టీరింగు కింద ఎక్కడో ఒక వైరు గుచ్చి, అరచేతిలో పట్టేంత పెట్టెను దానికి తగిలించాడు. అంతలో బొట్టుబిళ్ల చూశాడు.

"గిదేంది?"

"లైటు కనపడకుండా."

"మంచి మెకానిక్కే దొరికింది," అన్నాడు. పెట్టె మీద అంకె వచ్చింది. పి, సున్నా, నాలుగు, రెండు, సున్నా. షెడ్డులో ఉన్న నలుగురూ ఒకేసారి ఫోర్ ట్వంటీ అని నవ్వారు. మా బావ కారుకు పట్టిన మర్యాద చూసి నాకు లోపల కొంచెం సంతోషం వేసిందని ఇప్పుడు చెప్పుకోవచ్చు.

సలీం భాయ్ నవ్వలేదు. నేల మీద సుద్దముక్కతో బొమ్మ గీశాడు. "గీ పొగగొట్టం నడుమల ఒక డబ్బ ఉంటది. ఇంజన్ల కెల్లి అచ్చే ఇసపు పొగను గా డబ్బ సాఫ్ చేస్తది. డబ్బకు ముంగట పొగ వాసన పట్టే ముక్కొకటి, ఎన్క ఒకటి. ముంగటి ముక్కు చెప్పే అంకె ఊగుతుండాలె. ఎన్కది నిమ్మలంగ ఉండాలె. నీ బండిల రెండు ముక్కులు ఒక్కతీరుగ ఊగుతున్నయ్. డబ్బ పని చేస్తలేదని కంప్యూటర్ రాసుకున్నది."

"డబ్బా మార్చాలంటే ఎంత?"

ఆయన చెప్పాడు. ఆ అంకె వినగానే కారు బానెట్ మీద కూర్చున్నాను. బావ కారని గుర్తొచ్చి వెంటనే లేచాను.

"ఆగు," అన్నాడు సలీం భాయ్. "కంప్యూటర్ రాసింది ఫిర్యాదు. తీర్పు కాదు. గొట్టంల యాడనన్న సందున్నా గిదే రాస్తది. సందుల కెల్లి బయటి గాలి లోపటికి గుంజుకుంటది. ఎన్క ముక్కు మోసపోతది."

"బయటి గాలి లోపటికి అచ్చినందుకే గీ లొల్లంత, సేటు," అన్నాడు రాజేశం. అందరూ నా వైపు చూసి నవ్వారు. నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా.

సందు ఎక్కడుందో వినడానికి సలీం భాయ్ కారు కిందకు దూరాడు. కానీ రోడ్డు మీద ఉద్యమం పాటల ధూంధాం వేదిక, నాలుగు మైకులు. పైగా గొట్టం కాగిపోయి ఉంది. ఆయన బయటికొచ్చి చెవి దులుపుకున్నాడు. "పొద్దుగాల, బండి సల్లగున్నప్పుడు, సప్పుడు లేని జాగల స్టార్ట్ చెయ్యి. పొగగొట్టం మూతికి బట్ట అడ్డం పెట్టు. సందుంటే ఉస్సుమంటది."

ఉద్యమం రోజుల్లో ఆ జిల్లాలో చప్పుడు లేని చోటు ఎక్కడుంటుందో మాత్రం చెప్పలేదు.

"పోనీ ఆ రాతను తుడిపెయ్యండి భాయ్. లైటు పోతుందిగా," అని బతిమాలాను.

"తుడిపితే చీటీ పోతది, జబ్బు పోదు. రెండు దినాలకు మళ్ల అత్తది. ముంగట తుడిపిచ్చినవ్ గదా, అచ్చిందా లేదా?"

"నేనా? నేనెప్పుడు తుడిపించాను?"

సలీం భాయ్ పెట్టె నా వైపు తిప్పాడు. "గిగో. తుడిపినంక నాలుగు వందల పద్నాలుగు కిలోమీటర్లు నడిచింది. గిది అవద్దం చెప్పదు."

నేను బావ నొక్కిన బొడిపె వైపు చూశాను. నాలుగు వందల పన్నెండు.

రెండు కిలోమీటర్ల తేడా. మా ఊళ్లో బావ ఎప్పుడూ వెళ్లే మెకానిక్ షెడ్డు నుంచి ఆయన ఇంటి గేటుకు సరిగ్గా రెండు కిలోమీటర్లు. ఓసారి ఆయన స్కూటర్ ఆగిపోతే నేనే తోసుకుంటూ తెచ్చాను కాబట్టి ఆ దూరం నా పిక్కలకు తెలుసు. అంటే నేను వెళ్లే ముందు ఆయన షెడ్డుకు వెళ్లాడు. లైటు తుడిపించాడు. గేటు దగ్గరకు తెచ్చాడు. ఎలా తీసుకెళ్తానో అలాగే తెస్తానని అక్క చేత పూచీ పడనిచ్చాడు. దారిలో నా చేతిలో వెలుగుతుందని ఆయనకు తెలుసు. డబ్బా డబ్బులు నా నెత్తిన రుద్దడానికే ఇరవై ఏళ్ల తర్వాత మనసు కరిగింది.

నాకు ఎంత కోపం వచ్చిందంటే, సలీం భాయ్ ఇప్పించిన రెండో చాయ్‌లో బిస్కెట్ ముంచి మరిచిపోయాను. అది మునిగిపోయింది.

## కథలాపూర్ దారిలో

రాజేశం ఎవరిదో మోటారుసైకిల్ ఎక్కి ఇంటికి వెళ్లాడు. నేను కథలాపూర్ మీదుగా సిరిసిల్ల దారి పట్టాను. దారంతా నాలో నేనే బావతో పోట్లాడుతున్నాను. పెట్టె మీది అంకె మొహాన కొట్టొచ్చు. కానీ కొడితే తగిలేది అక్కకి. తన మొగుడు తన తమ్ముడికి ఇలా చేశాడని తెలిస్తే ఆవిడ ఎక్కడ మొహం పెట్టుకుంటుంది? ఊరుకుంటే మాత్రం, లైటు వెలుగుతున్న కారుతో వెళ్తే మాటపోయేదీ అక్కకే. ఎటు తిప్పి కుట్టినా సూది ఆవిడకే గుచ్చుకుంటోంది.

ఇలా ఉండగా రోడ్డుకు అడ్డంగా మూడు పొయ్యిలు కనిపించాయి.

మా వైపు రాస్తారోకో అంటే టైర్లు కాలుస్తారు. ఇక్కడ అన్నం వండుతారు. దీన్ని వంటావార్పు అంటారు. నడిరోడ్డు మీద రాళ్లు పెట్టి, గుండిగలెక్కించి, ఊరంతా అక్కడే వండుకుని తింటుంది. వండడం, తినడం, గిన్నెలు తోమడం అయ్యేదాకా దారి లేదు. ఆగిన బండ్లవాళ్లకూ విస్తరి వేస్తారు. ఇంత మర్యాదగా దారి మూసేసినవాళ్లను నేనెక్కడా చూడలేదు.

కారు నంబరు చూసి పెద్దావిడొకామె దగ్గరికొచ్చింది. పేరు లస్మవ్వ. బీడీలు చుడుతుందట. ఆవిడ చేతిలో కత్తి ఉంది. నేను కిటికీ అద్దం సగం పైకెత్తాను.

"ఏ ఊరు బిడ్డా?"

"ఏలూరండి."

"తిన్నవా?"

"లేదండి."

"దిగు. గీ ఉల్లిగడ్డలు కొయ్యి." కత్తి నా చేతిలో పెట్టింది.

చెట్టు నీడన చాప మీద కూర్చుని కోశాను. ముప్ఫై ఏళ్లుగా గుడ్డ కత్తిరించిన చెయ్యి కదా, ముక్కలన్నీ ఒకే కొలతలో వచ్చాయి. చుట్టూ మనుషులు చేరి చూడడం మొదలుపెట్టారు. కళ్లలో నీళ్లు కారుతున్నాయి. ఎందుకు ఏడుస్తున్నవని ఒకరు వేళాకోళానికి అడిగారు. ఆ ఊపులో నేను మొత్తం చెప్పేశాను. బావ, గేటు, బొడిపె, రెండు కిలోమీటర్లు, అక్క.

ఉద్యమం పదిహేను నిమిషాలు ఆగిపోయింది. తెలంగాణ సంగతి పక్కనపెట్టి అందరూ మా బావ మీద పడ్డారు. కల్లు గీసే రాజన్న, కారు ఇక్కడే వదిలేసి బావనే నడిచొచ్చి తీసుకెళ్లమని చెప్పమన్నాడు. సమ్మెలో ఉన్న బడిపంతులొకాయన ఆ పెట్టె మీది అంకె కాయితం మీద రాయించి, సంతకం పెట్టించి తీసుకెళ్లాల్సిందన్నాడు. ఇంకో ఆయన అసలు బావమరుదులు కారు అడగడమే తప్పన్నాడు. ఆయనకు బావమరుదులు ఐదుగురట. తలో మాటా అన్నాక లస్మవ్వ గుండిగలో గంటె తిప్పుతూ తీర్పు చెప్పింది.

"బండి బాగజేపిచ్చి ఇయ్యి. నోరు మూసుకో."

"అంతేనా అమ్మా? ఆయనకేం శిక్ష లేదా?"

"లైటు లేకుంట బండి అస్తే గాయనకు సమజైతది. నీకు తెల్సిందని గాయనకు తెలుస్తది. గంతకంటే పెద్ద శిక్ష ఏముంటది కొడుకా?"

నాకు అప్పుడు ఆ తీర్పు చప్పగా అనిపించింది. బగారన్నం మాత్రం బ్రహ్మాండంగా ఉంది. లవంగం, యాలకులు వేసి, పప్పుచారుతో పెట్టారు. మూడుసార్లు వేయించుకున్నాను.

తిన్నాక పంతులు తెల్ల రంగు డబ్బా, కుంచె పట్టుకొచ్చాడు. ఆ రోజుల్లో అక్కడ చాలా బండ్ల మీద ఏపీ బదులు టీజీ అని రాసుకునేవాళ్లు. "ముంగట ఇంకో మూడు జాగలల్ల బండ్లు ఆపుతున్నరు. గీ రెండక్షరాలుంటే ఎవ్వలు ఆపరు సారూ," అన్నాడు. మా బావ సమైక్యవాది. మా వీధి చివర శిబిరంలో కుర్చీలు వేయించేదీ, సాయంత్రం లెక్కపెట్టి తీయించేదీ ఆయనే. నేను వద్దనే లోపు ముందు ప్లేటు అయిపోయింది. వెనక ప్లేటుకు వెళ్తూ పంతులు ఒక చిన్న సీసా ఇచ్చాడు. అందులో థిన్నరు. మా సరిహద్దులోకి వెళ్లగానే గుడ్డతో తుడిస్తే పోతుందట. సీసా సీటు కింద పెట్టుకున్నాను. జై తెలంగాణ అనమన్నారు, అన్నాను. అంత అన్నం తిన్నాక ఆమాత్రం అనకపోతే ఎలా?

## సిరిసిల్ల

సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలంటారు. మామూలు రోజుల్లో ఆ ఊళ్లో అడుగుపెడితే వీధివీధినా టకటకా టకటకా, మనిషి మాట మనిషికి వినపడదు. నాకు గుడ్డ ఇచ్చే అంజయ్య సగం మాటలు చేత్తోనే చెబుతాడు. ఫోనులో కూడా చేతులూపుతాడని నా అనుమానం. ఆయన సాంచాలు బాగుచేసే మేస్త్రీ కూడా.

ఆ రాత్రి ఆయనింట్లోనే పడుకున్నాను. పొద్దున లేచేసరికి ఏదో తేడాగా ఉంది. ఎక్కడో కోడి కూసింది. ఆ ఊళ్లో కోళ్లున్న సంగతి నాకు అంతవరకూ తెలియదు. బంద్ పిలుపిచ్చారట, సాంచాలన్నీ ఆగిపోయాయి. ఎదురింట్లో చీపురు చప్పుడు కూడా స్పష్టంగా వినిపిస్తోంది.

చప్పుడు లేని జాగా. పొద్దుటి పూట. బండి చల్లగా ఉంది. నేను లుంగీ మీదే పరుగెత్తి అంజయ్యను లాక్కొచ్చాను.

"కార్లు నాకు తెల్వయి," అన్నాడు. "సప్పుడు తెలుసు. సాంచ ఎక్కడ నొస్తున్నదో ఇన్నంక చెప్త. గిదీ మిషనే గదా."

కారు స్టార్ట్ చేశాను. దిగి, తడిపిన కోరా గుడ్డను మడతపెట్టి పొగగొట్టం మూతికి అదిమి పట్టాను. అంజయ్య నేల మీద పడుకుని కళ్లు మూసుకున్నాడు. వీధిలో వాళ్లు కూడా నిలబడి ఊపిరి బిగబట్టారు. ఉస్స్ మని సన్నగా, మా బావ కాఫీ తాగేటప్పుడు చేసే చప్పుడే, కారు నడుం కింద నుంచి వచ్చింది.

"దొరికింది," అన్నాడు అంజయ్య. చొక్కాకు అంటుకున్న నూలు పోగుల్లోంచి చిటికెడు నూగు తీసి, గొట్టం పొడుగునా మెల్లగా జరుపుతూ వెళ్లాడు. వెనక ముక్కు పక్కనున్న అతుకు దగ్గర నూగు తుర్రుమని ఎగిరిపోయింది. ఇంజిన్ ఆపి విప్పి చూస్తే, అతుకులో వేసే పలచని రింగు సగం కాలి రాలిపోయి ఉంది. డబ్బా నిక్షేపంలా ఉంది. తప్పు దానిది కాదు.

బంద్ రోజున కొత్త రింగు ఎక్కడ దొరుకుతుంది? అంజయ్య పక్క వీధిలోని రంగుల అద్దకం షెడ్డుకు వెళ్లి, ఆవిరి గొట్టాల అతుకుల్లో వేసే మందపాటి అట్టముక్క పట్టుకొచ్చాడు. వేడికి ఆగుతుందట. దాని మీద పాత రింగు పెట్టి పెన్సిల్‌తో గీశాడు. కత్తిరించడానికి ఉలి తీశాడు.

"ఆగండి," అన్నాను. నా సంచీలోంచి కత్తెర తీశాను.

ఈ ప్రయాణంలో నాకు తెలిసిన పని నాకు దొరికింది అప్పుడే. చంక గుండ్రం తీసినట్టు తీశాను. బోల్టులకు రెండు కాజాలు కూడా పడ్డాయి. రింగు అతుకులో దిగి, బోల్టులు బిగించి, మళ్లీ గుడ్డ అడ్డం పెడితే ఉస్సు లేదు. అంజయ్య చేతులూపుతూ ఏదో అన్నాడు. సాంచాలు ఆగి ఉన్నాయని ఇద్దరికీ కాసేపటికి గుర్తొచ్చింది. నేను ఆయన్ని పట్టుకుని గిరగిరా తిప్పాను. ఊళ్లో పెద్దమనిషిని అలా తిప్పకూడదని తర్వాత ఆయన భార్య చెప్పింది.

బ్యాటరీ వైరు కాసేపు ఊడదీసి పెట్టాం. లైటు పోయింది. బావ రెండు కిలోమీటర్ల సాక్ష్యం కూడా దానితోపాటే తుడుచుకుపోయింది. మళ్లీ వెలుగుతుందేమో చూడాలి కాబట్టి బొట్టుబిళ్ల తీశాను. పారేయబుద్ధి కాలేదు. వెనక బండ్లు చూసే అద్దం మూలకు అంటించి, వెనక సీటు నిండా గుడ్డ తానులు సర్దుకుని బయలుదేరాను.

## మళ్లీ గేటు దగ్గర

తిరుగు ప్రయాణం గురించి నేను చెప్పగలిగింది ఏమీ లేదు. దారి పొడుగునా నేను చూసింది లైటు ఉండాల్సిన చోటు మాత్రమే. దారిలో వెలిగితే అక్కడే తెలియాలి కదా. వరంగల్ దాటింది, వెలగలేదు. ఖమ్మం దాటింది, వెలగలేదు. చింతలపూడి దగ్గర సమైక్య శిబిరంలో జనమంతా కుర్చీల్లోంచి లేచి నిలబడి నన్నే చూశారు. ఎంత అభిమానమో అనుకుని చెయ్యి ఊపాను.

బావ గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. నన్ను పలకరించకుండానే కిటికీలోంచి తల దూర్చి అంకెల పలక చూశాడు. ఇంజిన్ ఆపమన్నాడు. మళ్లీ స్టార్ట్ చెయ్యమన్నాడు. మళ్లీ చూశాడు.

"అంతా బాగానే ఉందా?" అన్నాడు.

"ఉండకేం బావా. ఎలా ఇచ్చారో అలాగే తెచ్చాను."

ఆయన నా వైపు చూడకుండా స్టీరింగు మీద లేని దుమ్ము తుడిచాడు. లస్మవ్వ తీర్పు ఎంత గట్టిదో అప్పుడు తెలిసింది. తల బయటికి తీసి కారు చుట్టూ నడుస్తూ ముందుకు వెళ్లిన మనిషి అక్కడే కొయ్యబారిపోయాడు.

"ఒరేయ్. ఇదేమిట్రా?"

సీటు కింద సీసా సంగతి అప్పుడు గుర్తొచ్చింది. టీజీ నంబరుతో మా జిల్లాలో అన్ని ఊళ్లూ దాటొచ్చాను. నేను థిన్నరు తీసేలోపు బావ లాక్కుని, గుడ్డ తడిపి, పళ్లు బిగించి రుద్దడం మొదలుపెట్టాడు. టీజీ పోయింది. దాని కింద ఏపీ కూడా పోయింది. అంకెలు మాత్రం మిగిలాయి.

"ఇప్పుడు మనది ఏ రాష్ట్రమండీ?" అంటూ అక్క నవ్వుతూ వచ్చింది. నవ్వుతూనే కారులో ముందు సీట్లో కూర్చుంది. ఎప్పుడూ వెనక కూర్చునే మనిషి. జుట్టు సరిచేసుకుందామని అద్దం తన వైపు తిప్పుకుంది. నవ్వు ఆగిపోయింది.

"ఈ బొట్టుబిళ్ల ఎవరిదిరా?"

అక్క పెట్టుకునేది నల్ల చుక్క. ఇది మెరూన్ రంగు, పావలా అంత.

"రాజేశం భార్యదక్కా."

"రాజేశం పెళ్లాం బొట్టుకు మన కారులో ఏం పని?"

లైటు సంగతి చెప్పకుండా ఆ ప్రశ్నకు జవాబు లేదు. లైటు చెబితే రెండు కిలోమీటర్లూ చెప్పాలి. నేను వెనక సీట్లోని తానులు సర్దడం మొదలుపెట్టాను. అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. "నా తమ్ముడు ఎలాంటివాడో నాకు తెలుసని ఆయనకు పూచీపడ్డాన్రా," అంది. ఏ దొంగతనం చేసినా నాకు అంత సిగ్గు వేసి ఉండదు.

ముందు నుంచి రుద్దుడు చప్పుడు ఆగింది.

"మనం ఇచ్చినట్టు వాడు తేలేదే," అన్నాడు బావ. అక్క మొహం పాలిపోయింది. ఆయన గుడ్డ చేతిలో నలుపుకుంటూ, ప్లేటునే చూస్తూ చెప్పాడు. "మనం ఇచ్చేదాకా ఇందులో లైటు వెలిగేది. నేను నెల్లాళ్లు దాని మీద నల్ల టేపు పెట్టుకు తిరిగాను. నువ్వు వెనక కూర్చుంటావు, నీకు తెలియదు. ఆ పొద్దున తుడిపించి వాడికిచ్చాను. వాడి చేతిలో వెలిగితే వాడే బాగుచేయించుకుంటాడని. ఆ బిళ్ల కూడా వాడు దాని మీదే పెట్టుంటాడు. నన్నొక్క మాట అనకుండా బాగుచేయించి తెచ్చాడు."

నాకు కోపం ఎటుపోయిందో తెలియదు. ఆయన మీద జాలేసింది, ఆయన్ని చూసి గర్వంగా కూడా అనిపించింది. ఇరవై ఏళ్లలో ఆయన అంత పొడుగు మాట మాట్లాడగా నేను వినలేదు.

అక్క అద్దం మీది బొట్టుబిళ్ల గోటితో ఒలిచింది. కారు దిగి వెళ్లి బావ నుదుటి మీద అంటించింది, వేలితో రెండుసార్లు ఒత్తింది. "గారెలకు పప్పు నానబోశాను, ఇద్దరూ చేతులు కడుక్కు రండి," అని లోపలికి వెళ్లిపోయింది.

బావ ఆ బిళ్ల తియ్యలేదు. దానితోనే వెనక ప్లేటు రుద్దాడు, దానితోనే నా గుడ్డ తానులు మోసి దింపాడు, దానితోనే భోజనానికి కూర్చున్నాడు. ఆ పూట గారెల్లో ఉప్పు నిజంగానే తక్కువైంది. ఆయన నాలుగు తిని, బాగున్నాయని ఇంకో రెండు వేయించుకున్నాడు.